గోడకు కొట్టిన నీళ్ళు

పోయిన వారం ఆదిశేషమ్మ ఇంటి గడప దగ్గర ఆగాం మనం. ఆ ఇంట్లో ఏం జరిగిందో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని లోపలికి పోదాం.

మైపాడుకి దక్షిణాన, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఉన్న పాళెంలో ఆమెది మేడ ఇల్లు. రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున ఆమె మొగుడు కామాక్షయ్య నీళ్ళ మోటారు స్విచ్చి వేయబోయి, తడిసిన గోడను పట్టుకునే ప్రాణం వదిలాడు. గోడలో పైపు కారి స్విచ్చిబోర్డులోకి నీళ్ళు దిగాయి. ఆ పైపులు వేసినవాడు హజరత్తయ్య. గట్టి పైపుకని డబ్బు తీసుకుని పల్చ పైపు బిగించాడని ఆదిశేషమ్మ పెద్దల ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేసింది. పెద్దలు దురాయి వేశారు. దురాయి అంటే ఈ తీరంలో కోర్టు తీర్పు కన్నా గట్టి కట్టుబాటు. హజరత్తయ్య చుట్టుపక్కల ఆరు పాళేల్లో కాలు పెట్టకూడదు. అతన్ని పిలిపించిన ఇంటి పడవ ఆరు నెలలు సముద్రం మీదికి పోకూడదు.

ఆ గోడకు అప్పట్లో ఎవరో అతుకు వేసి పోయారు. ఇప్పుడు రెండో గదిలో, మనవరాలి ఉయ్యాల పక్కనున్న గోడ చెమ్మగిల్లింది. కోడలు బిందు లైటు వేయబోతే వేలికి జిల్లుమంది. పైన రంగు కొడితే అదే పోతుందని కొడుకు సుబ్బు కొట్టిపారేశాడు. ఆదిశేషమ్మకు మాత్రం ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. సుబ్బు వేటకు పోయే రోజు చూసి, ముత్తుకూరు నుంచి ముక్కూమొహం తెలియని ప్లంబరును ఫోను చేసి రమ్మంది.

ఇదుగో, అతను వచ్చాడు. పేరు పెంచలకృష్ణ. ముప్పై అయిదేళ్ళుంటాయి. నల్లగా, బక్కగా, మాట తక్కువ మనిషి. సామాన్ల సంచి భుజాన ఉండగానే రేటు చెప్పాడు.

"అమ్మా, చూసేదానికి మూడొందలు. పని నాకే ఇస్తే అది కూలిలో తగ్గించుకుంటా. ఇయ్యకపోయినా మూడొందలు మటుకు ఇయ్యాల."

"చూసేదానికి కూడా దుడ్లేనా నాయనా?"

"చూసేదే పనమ్మా. బిగించేది ఎవురైనా బిగిస్తారు."

ఇళ్ళున్నవాళ్ళ తీరే అంత. డాక్టరు నాలుక చాపమని చూసి అయిదొందలు తీసుకుంటే దణ్ణం పెట్టి వస్తారు. ప్లంబరు గోడ చూసి మూడొందలు అడిగితే దోపిడీ అంటారు. ఆదిశేషమ్మ కూడా అలాగే మూతి ముడిచింది కానీ, ఉయ్యాల కళ్ళముందు మెదిలి తలుపు తీసింది.

అతను గోడ మీద అరచెయ్యి పెట్టలేదు. ముందు వెళ్ళి మెయిన్ స్విచ్చి కట్టేశాడు. బిందును పిలిచి, పాపను ఎత్తుకుని పక్కింట్లో కూర్చోమన్నాడు. ఆ తర్వాతే గోడను వేలి కణుపులతో కింద నుంచి పైదాకా తట్టుకుంటూ పోయాడు. ఆదిశేషమ్మ వెనకాలే నడిచింది. రొంటిన దోపుకున్న అయిదు వేలు ఆమెకు ధైర్యంగానూ ఉన్నాయి, బరువుగానూ ఉన్నాయి.

"ఎంతవుద్ది అబయా? సరిగ్గా చెప్పు."

"కొళాయి కారితే ఇప్పుడే చెప్పేస్తా. మార్చేదానికి కూలి రెండొందలు, కొళాయి మీరు కొనుక్కోవాల. బయట కనపడే పైపైనా చెప్పేస్తా. గోడలో పైపు కొట్టి చూస్తేగాని చెప్పలేను. కొట్టకముందే రేటు చెప్పేవాళ్ళు ఇద్దరుంటారమ్మా. తక్కువ చెప్పి సగం పనిలో పెంచేవాడొకడు. ఎందుకైనా మంచిదని ముందే డబలు చెప్పేవాడొకడు."

"నువ్వెవరు మరి?"

"నేను కొట్టి చెప్పేవాణ్ణి. ఒక చోట కొట్టి, ముక్క మార్చి, మళ్ళా సిమెంటు పూసేదానికి ఏడెనిమిది వేలు. లోపలంతా పోయుంటే అది వేరే సంగతి."

"అయిదుకి చెయ్యి."

పెంచలకృష్ణ ఆమెతో బేరం పెట్టుకోలేదు. ఉలి పెట్టి సుత్తితో ఒక్కటేశాడు.

గోడ అంత సులువుగా లొంగిపోతుందని ఆదిశేషమ్మ అనుకోలేదు. తడిసిన అప్పడంలా పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పడింది. లోపల తుప్పు రంగు నీళ్ళు చారలు కట్టి ఉన్నాయి. పైపు ఉబ్బి, పొరలు లేచి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉంది. అతను మూడడుగుల దాకా కొట్టుకుంటూ పోయాడు. ఇటుకలో దూరిన చోట పైపు కాస్త బాగుంది. తడిగుడ్డతో దాన్ని తుడిచాడు, ఇంకోసారి తుడిచాడు. 

"ఈ పైపులు ఎవరేసినారమ్మా?"

"వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తం నాయనా. గట్టిదానికి దుడ్లు తీసుకోని పల్చది ఏసినాడు. నా మొగుణ్ణి మింగినాడు."

అతను రంపం తీసి జానెడు ముక్క కోశాడు. కోసిన ముక్కను ఆమె చేతిలో పెట్టాడు. అది ఆమె అనుకున్న దానికంటే బరువుంది.

"పల్చ పైపుకి పసుప్పచ్చ గీత ఉంటాది. దీనికి చూడండి, నీలం గీత. ఇది గట్టి పైపేనమ్మా. ఇళ్ళకి ఏసేదాంట్లో దీనికి వంక పెట్టేదానికి లేదు. లోపల వేలు పెట్టి చూడండి."

ఆమె వేలు పెట్టింది. లోపల నున్నగానే ఉంది.

"నీళ్ళు తినింటే లోపల తినాల. ఇది బయట్నుంచి తినింది. పైపుని గోడే తినిందమ్మా." అతను ఆమె వైపు తిరిగాడు. "ఇల్లు కట్టేటప్పుడు గోడలకి ఏ నీళ్ళు కొట్టినారు?"

"మంచినీళ్ళే."

అడిగినంత సేపు కూడా పట్టలేదు ఆమెకు ఆ మాట అనడానికి. అంత తొందరగా వచ్చిందని ఆమెకూ తెలిసింది.

పెంచలకృష్ణ కింద పడిన పెళ్ళలో చిటికెడు విరిచి నాలుక మీద వేసుకున్నాడు. కిటికీ బయటికి ఉమ్మేసి, ఇంకో పెళ్ళ ఆమెకు అందించాడు.

"మీరూ చూడండి."

ఆదిశేషమ్మ యాభై ఆరేళ్ళ బతుకూ ఉప్పుతోనే గడిచింది. ఒడ్డున చేపల్ని చీల్చి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి అమ్మే మనిషి. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నా ఏ చేపకు ఎన్నాళ్ళ ఉప్పో చెప్పగలదు. అలాంటి మనిషికి సిమెంటు పెళ్ళ రుచి చూడాల్సిన అవసరమే లేదు. అయినా చూసింది. నాలుక మీద పెట్టుకున్న మరుక్షణం తొమ్మిదేళ్ళ కిందటి ఎండాకాలం మొత్తం ఆమె నోట్లోకి వచ్చింది.

ఆ ఏడు ట్యాంకరు మూడు రోజులకొకసారి వచ్చేది. బిందె నీళ్ళకి ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్నారు. గోడలు లేచాయి, వాటికి పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టాలని మేస్త్రీ చెప్పి పోయాడు. తాగే నీళ్ళు గోడ మీద పోయడానికి ఆదిశేషమ్మకు చెయ్యి రాలేదు. అది పాపం అనుకుంది. పాపం కాదని ఎవరనగలరు? పడవ ఇంజను ఉప్పుటేటి గట్టుకి మోయించి, పంపు తగిలించి, గొట్టం ఇంటిదాకా లాగించింది. కామాక్షయ్య వద్దనలేదు, ఆమె మాటకి అతను ఎప్పుడు ఎదురు చెప్పాడు గనక. ఇరవై ఒక్క రోజులు తన చేత్తోనే గొట్టం పట్టుకుని ప్రతి గోడనీ నానబెట్టింది. ఊళ్ళో అందరికీ చెప్పుకుంది, ఇంటి మీద ఒక్క రూపాయి నీళ్ళ ఖర్చు లేకుండా చేశానని.

"ఏటినీళ్ళు," అంది ఇప్పుడు. "ఇరవై ఒక్క రోజులు."

పెంచలకృష్ణ తలాడించాడు. కోప్పడలేదు, అయ్యో అనలేదు. సంచి మీద గొంతుక్కూర్చుని ఆమె అడిగిన దానికి జవాబు చెప్పాడు.

"ముక్క మారిస్తే ఎనిమిది వేలు. ఆరు నెలల్లో ఇంకోచోట కారుద్ది, మళ్ళా ఎనిమిది. నన్నడిగితే గోడల్లో ఉండే పైపులన్నీ అట్నే మూసేసి, బయట గోడల మీద ప్లాస్టిక్ పైపులు కొత్తగా తిప్పాల. రెండు స్నానాల గదులు, వంటిల్లు, పైన ట్యాంకు. సామాను నలభై, కూలి పాతిక. కరెంటు వైర్లు మార్చే మనిషి వేరే. తొంభై వేలు చేతిలో పెట్టుకోండి. ఇంకోటి. పైపుని తిన్న ఉప్పు కమ్మీని మటుకు వదులుద్దా? స్లాబు సంగతి నేను చెప్పేది కాదు. మంచి మేస్త్రీకి చూపించండి."

తొంభై వేలంటే మామూలు రోజైతే ఆదిశేషమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. ఇప్పుడు ఆ అంకె చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు. లోపల వేరేది తిరుగుతోంది. కామాక్షయ్యను చంపింది హజరత్తయ్య కాదు. తనే. తన చేత్తో గొట్టం పట్టుకుని, రోజుకు రెండు పూటలా, మొగుడి చావును గోడలో పోసింది. అది చాలదన్నట్టు, మండే కర్పూరం మీద చెయ్యి పెట్టి ఇంకొకడి మీదికి దాన్ని తోసేసింది. ఆ రోజు సుబ్బు పైపురెంచీతో హజరత్తయ్య కుడి మణికట్టు విరగ్గొడుతుంటే వాకిట్లో నిలబడి చూసింది. ఆపలేదు.

అప్పుడు ఆమె నమ్మే చెప్పిందా? నమ్మింది. నమ్మకపోతే బతకలేననిపించి నమ్మింది. అది నమ్మకం కిందికి వస్తుందో రాదో ఆమెకు ఈ రోజుకీ తెలియదు.

రొంటిలోంచి నోట్ల చుట్ట తీసి మొత్తం అతని ముందు పెట్టింది.

"అయిదుండాయి. ముక్క మార్చి పో నాయనా. మిగతా మూడు రేపు పంపిస్తా, పైన ఇంకో రెండు ఇస్తా. ఈ గోడ సంగతి ఎవరికీ చెప్పబాకు. ఈ పైపు ముక్క నా దగ్గరే ఉండనీ."

"నేను చెప్పేదానికి ఏముందమ్మా," అన్నాడు పెంచలకృష్ణ. నోట్లు ముట్టుకోలేదు. "చెప్పాల్సినాయన బయట బండిలో కూర్చోనుండాడు."

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఒక చేతిలో పైపు ముక్క, ఇంకో చేతిలో సిమెంటు పెళ్ళ, వాటిని ఎక్కడైనా పెట్టాలని కూడా తోచక అలాగే వాకిట్లోకి వచ్చింది.

వలల కుప్ప పక్కన ఆటో ఆగి ఉంది. వెనక సీట్లో హజరత్తయ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. రెండేళ్ళలో పదేళ్ళు ముసలివాడయ్యాడు. కుడి మణికట్టు పక్కకి తిరిగి ఒళ్ళో పడి ఉంది. ఇంజనుకు తాడు చుట్టి లాగినా, మరలు బిగించినా, ఒకప్పుడు ఈ పాళెంలో ఆ చేతికి సాటి లేదు.

"కాలు కింద పెట్టలేదమ్మా, చూసుకో," అన్నాడు ఆమెను చూడగానే. "నేల మీద కాలు పెట్టగూడదన్నారు గదా. బండిలోనే ఉండా."

ఆదిశేషమ్మ ఆటో దగ్గరికి నడిచింది.

"కృష్ణ నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నీ ఇంటి గుర్తులు చెప్పి పోతుండానన్నాడు. నువ్వు పోవద్దు నాయనా అన్నాడు నా కొడుకు. నేనే వస్తానన్నా. తగాదాకి రాలేదమ్మా. నేనేసిన పైపు ఏమైందో చూసుకుందామని."

"ఎందుకన్నా?" అంది ఆమె. అన్నా అనే పిలుపు దానంతటదే వచ్చింది. ఇల్లు కట్టే రోజుల్లో అలాగే పిలిచేది.

హజరత్తయ్య ఎడమ చెయ్యి చాచాడు. ఆమె పైపు ముక్కను ఆ చేతిలో పెట్టింది. బొటనవేలితో తుప్పు తోసేసి, నీలం గీత మీద వేలు ఆనించి, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రెండేళ్ళమ్మా. మీరందరూ కలిసి అంటుంటే నాకే అనుమానం వచ్చింది. అంగడోడు గీత మార్చి నన్ను మోసం చేసినాడా, మర సరిగ్గా బిగించలేదా, ఆ రోజు కల్లు తాగొచ్చి పని చేసినానా, ఏదో నా తప్పే ఉండాదని. ముసిలిదాన్ని లేపి కూర్చోబెట్టి అడిగేవాణ్ణి, ఏమే, నేను చంపినానా కామాక్షయ్యని అని." అతని కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి గానీ గొంతు మాత్రం పనిలో కొలతలు చెప్పినంత నెమ్మదిగా ఉంది. "నేను కాదు. ఇది చాలు నాకు."

వాకిట్లో ఎండ చురుక్కుమంటోంది. ఆదిశేషమ్మకు చలి పుట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. దుమ్మెత్తిపోసి ఉంటే ఇంకా బాగుండేది.

"ఇల్లు కట్టేటప్పుడు నేనొక మాట అడిగినా నిన్ను," అన్నాడు హజరత్తయ్య. "ఏ నీళ్ళు కొడుతుండావమ్మా, ఉప్పు నీళ్ళు ఇనుముకి ఆగవు అని. నువ్వేం చెప్పినావో జ్ఞాపకం ఉండాదా?"

ఉంది. రెండేళ్ళుగా ఆమె ఎత్తకుండా అడుగున దాచిపెట్టిన మాట అదే.

"ఉప్పు పట్టిన చేప ఏడాదైనా చెడదన్నా, గోడెందుకు చెడతాది అన్నాను."

"నవ్వినావు. నేనూ నవ్వినాను. అప్పుడే గొట్టం పీకి ఏట్లో పారెయ్యాల్సింది నేను. అది మటుకు నా తప్పే."

ఆ మాటకి ఆదిశేషమ్మ ఆటో కమ్మీ పట్టుకుని ఏడ్చింది. మొగుడు పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. ఆ రోజు ఏడుపులో సగం కోపం ఉంది. ఇప్పుడు కోప్పడడానికి ఎవరూ మిగల్లేదు.

ఒడ్డు వైపు నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. గాలి తిరగబడి పడవలు ముందే వచ్చేశాయి. ముందు సుబ్బు. మోకాళ్ళ దాకా ఇసుక, భుజాన తెడ్డు. అతని వెనక పదిమంది. వాళ్ళ మధ్య, పాళెంలో తీర్పు చెప్పే పెద్దకాపు. ఆటోలో ఎవరున్నారో ఒడ్డుకి ఎవరో అప్పటికే కబురు మోసేశారు.

సుబ్బు ఆటో ముందు తెడ్డు అడ్డం పెట్టాడు. "ఎవరు పిలిపించినారు వీణ్ణి?"

డ్రైవరు బండి తీయబోయాడు. జనం కదల్లేదు. పెంచలకృష్ణ సంచి భుజాన వేసుకుని గడప దిగి వచ్చాడు. జరిగేది అతనికి తెలిసిపోయింది. తానే తెచ్చానని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. అది నిజమే. చెబితే అతనికీ ఓ దురాయి పడుతుంది, ముత్తుకూరువాడికి ఆరు పాళేలు పోతే పోయాయి. ఆదిశేషమ్మ చేయాల్సిందల్లా ఊరుకోవడం. గోడ పూడుతుంది, పడవ తిరుగుతుంది, ఉయ్యాల ఇంకో గదిలోకి జరుగుతుంది.

పెద్దకాపు మాత్రం ప్లంబరు వంక చూడలేదు. ఆమెనే అడిగాడు.

"ఆదిశేషమ్మా, ఎవరు పిలిపించినారు?"

"నేనే మామా," అంది ఆమె.

పెంచలకృష్ణ నోరు మూసుకున్నాడు. హజరత్తయ్య తలెత్తి చూశాడు. సుబ్బు మొహంలో రక్తం లేదు.

"అమా, ఏం మాట్లాడుతుండావు? పడవ ఆగిపోద్ది. అప్పులోళ్ళు..."

"ఆరు నెలలు," అన్నాడు పెద్దకాపు. "నీ కొడుకు పడవ ఆరు నెలలు ఒడ్డు దిగదు. తెలిసే చెప్తుండావా?"

"తెలిసే చెప్తుండా."

"ఎందుకు పిలిపించినావు?"

ఆదిశేషమ్మ కొడుకును చూసింది. వాడి చేతుల వంక చూసింది. ఆ చేతులతోనే వాడు ఆ మణికట్టు విరగ్గొట్టాడు, తను చెప్పిన మాట విని. ఇప్పుడు చెప్పబోయేది విన్నాక వాడు తనని అమ్మా అని పిలుస్తాడో పిలవడో.

ఇందాకటి నుంచి బిగించి పట్టుకున్న పిడికిలి విప్పింది. సిమెంటు పెళ్ళ చెమటకి మెత్తబడి అరచేతికి అంటుకుంది. దాన్ని పెద్దకాపు ముందుకు చాచింది.

"మామా, ముందిది రొంత నాలిక మీద ఏసుకోని చూడు. ఎందుకు పిలిపించినానో అప్పుడు చెప్తా."

పెద్దకాపు ఆ పెళ్ళ వంక చూశాడు. ఆమె మొహం వంక చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు.